రెండు అద్దాల్లో నోరీన్

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ నోరీన్ ముప్పై నాలుగేళ్ళుగా అంటూనే ఉంది, నేనూ ఎప్పుడూ కాదనలేదు. ఇరవై ఆరేళ్ళు స్కూల్ బస్సు నడిపినవాణ్ణి. ప్రతి ట్రిప్పు అయ్యాక బస్సు చివరి దాకా నడిచి, ఒక్కో సీటు కిందికీ వంగి చూసి, ఏ బిడ్డా నిద్రపోయి మిగిలిపోలేదని తేల్చుకున్నాకే తాళం వేసేవాణ్ణి. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఇన్నేళ్ళలో ఒక్క బిడ్డని కూడా నేను మర్చిపోయి రాలేదు. అలాంటి ఈ లార్న్ తన పెళ్ళాన్ని పొగలో రోడ్డు పక్కన వదిలేసి వచ్చాడంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నేను కూడా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మొత్తం చెప్పడం ఇదే మొదటిసారి.

రిటైరయ్యాక కొండల వైపు వెళ్ళాలన్నది నోరీన్ కోరిక. మాది బల్లపరుపు నేల. గోధుమ చేలు తప్ప ఇంకేం కనపడవు. మా మినీ వ్యాను పాతదే అయినా గట్టిది, చిన్న ట్రైలర్‌ని లాగగలదు. అందుకని ఇద్దరు పడుకోవడానికీ, ఇంత కాఫీ కాచుకోవడానికీ సరిపోయే గుడ్డు ఆకారం ట్రైలర్ ఒకటి కొన్నాం. అమ్మినాయన పేరు ఐవర్. ఎనభై దాటినవాడు, ఒంటరి. ట్రైలర్ పదకొండేళ్ళుగా కొట్టంలోంచి కదల్లేదన్నాడు. అయినా లోపల దుమ్ము లేదు. దుప్పటి మడతలు నిన్న పెట్టినట్టున్నాయి. అది చూసినప్పుడే నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది.

వ్యాను వెనక ఉండే ఇనుప గుండు మీద ట్రైలర్ ముక్కు కూర్చోబెట్టాలి. అందుకోసం వ్యాను కొంచెం కొంచెం వెనక్కి రావాలి. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక నిలబడి చెయ్యి ఊపుతారు. ఏ ట్రైలర్ ఇంట్లో అయినా మొగుడూ పెళ్ళాల మధ్య సగం గొడవలు అక్కడే పుడతాయి. ఐవర్‌ని వెనక నిలబడమని అడిగాను. ఆయన గడ్డిలో దూరంగా నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఆ పని ఎప్పుడూ తన భార్యే చేసేదట. ఆవిడ ఏదని నోరీన్ అడిగితే వినపడనట్టు కొట్టం వైపు తిరిగాడు. మేం బయల్దేరేటప్పుడు మాత్రం నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"అబ్బాయ్, నేరుగా వెళ్ళి నేరుగా బయటికొచ్చే చోటే బస చెయ్యి. దీన్ని మాత్రం రివర్సులో వెనక్కి పెట్టకు."

"ఏం, బ్రేకులు బాగాలేవా?"

"బ్రేకులకేం. బ్రేకులు బంగారం," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

హైవే ఎక్కి అరగంట కాకముందే ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. ముక్కు మీద తగినంత బరువు లేకుండా వెనక బరువైతే ఏ ట్రైలరైనా అంతే. కుక్క తోకలా కొట్టుకుని చివరికి వ్యానునే పడేస్తుంది. సరుకులన్నీ నేను స్వయంగా ముందువైపు సర్దాను. కాబట్టి నా అనుమానం తిన్నగా నోరీన్ మీదికి పోయింది. లారీలు తూచే కాటా ఒకటి దారిలో ఉంటే ఎక్కించాను. లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే ట్రైలర్ అరవై రెండు కిలోలు ఎక్కువ తూగింది. ముక్కు తేలిపోయింది. అంటే ఎక్కువున్న బరువంతా వెనకే ఉందన్నమాట.

పక్కన ఆపి సామాను మొత్తం నేల మీదికి దించాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరం ఒకరికంటే ఒకరం ముందు సంజాయిషీలు మొదలుపెట్టాం. ఆమె దాచిన పధ్నాలుగు దోసకాయ ఊరగాయ సీసాలు నాకు దొరికాయి. నేను దాచిన పనిముట్ల పెట్టె ఆమెకు దొరికింది. రెండూ కలిపినా అరవై కిలోలు ఎక్కడివి? అన్నీ ఇరుసుకి ముందువైపు సర్ది మళ్ళీ తూచాం. అరవై రెండు అలాగే ఉంది. ముక్కు అలాగే తేలి ఉంది.

"అరవై రెండంటే సరిగ్గా ఓ ఆడమనిషి బరువు. ఎవర్ని దాచావయ్యా లోపల?" అంది నోరీన్.

నవ్వి నవ్వి ఆమెకు దగ్గొచ్చింది. నోరీన్‌కి ఉబ్బసం. మూడు పొట్టి దగ్గులు, ఆ తర్వాత ఒక పొడుగు దగ్గు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ వరస నాకు బాగా తెలుసు. చీకట్లో వందమంది దగ్గినా ఆమె దగ్గు నేను ఏరి చెప్పగలను. ఇన్‌హేలర్ తీసి ఇచ్చాను. ఎండుగడ్డికి నిప్పంటుకునే ఆగస్టు నెలలో, అదీ పొగలున్నాయని రేడియో చెబుతున్న కొండల్లోకి ఈ మనిషిని తీసుకెళ్తున్నానే అని భయమేసింది. ఆ రోజు నాకున్న దిగులల్లా అదొక్కటే. ఈమెను క్షేమంగా ఇంటికి చేర్చుకోవాలి.

కాటా కాగితాన్ని నలిపి జేబులో పెట్టుకుని తోక ఊపుకుంటూనే నెమ్మదిగా వెళ్ళాం. దారి పొడుగునా వెనక చూసే అద్దంలో ట్రైలర్ ముందు కిటికీ కనపడుతూనే ఉంది. దాని తెర మూసే ఉంది. మూసే ఉందని ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి సరస్సు పక్కన ట్రైలర్లు ఆపుకునే విడిదికి చేరాం. మూడింటికే దీపాలు వెలిగించారు. ఆకాశం ఇటుక రంగులో ఉంది. కొండ అవతల అడవి కాలుతోంది, ఇవతల దాని పొగ దిగింది. గాలి కాలిన గోనెసంచి వాసన వేస్తోంది. జల్లించిన పిండిలా బూడిద వ్యాను అద్దం మీద పడుతోంది. పక్షులు లేవు. నీళ్ళ చప్పుడు కూడా దూరంగా, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది. విడిది చూసుకునే ఆవిడ పేరు ఎడ్నా. ఒక్క చోటే మిగిలిందనీ, పందొమ్మిదో నంబరనీ, సైరన్ మోగితే ఉన్నపళాన వెళ్ళిపోవాలనీ చెప్పింది. ముందుకు వెళ్ళే దారి ఉన్న చోటేదైనా ఉందా అని అడిగాను. లేదు. పందొమ్మిదో నంబరు సరస్సు గట్టు మీద ఉంది, వెనక్కి పెట్టాల్సిందే.

నోరీన్ తోటపని చేసేటప్పుడు వేసుకునే నారింజ రంగు చేతి తొడుగులు వేసుకుని దిగింది. పొగలో చేతులు కనపడాలి కదా. మాకొక నియమం ఉంది. ఆమె ఎప్పుడూ నా వైపు, అంటే ఎడమ వైపే నిలబడుతుంది. అద్దంలో ఆమె కనపడకపోతే నేను ఆపెయ్యాలి.

"చెరువులోకి పోనిచ్చావంటే ఊరగాయ సీసాల్ని ముందు కాపాడు. నన్ను తర్వాత చూద్దువుగాని," అని తలుపు వేసింది. పొగ ఆమెను మింగేసింది.

గేరు వెనక్కి వేశాను. ఎడమ అద్దంలో నారింజ చేతులు కనపడ్డాయి. రానీ రానీ అన్నట్టు ఊగుతున్నాయి. ముఖం మసగ్గా ఉంది. ఆమె నీలం కోటే. మెల్లగా వెనక్కి వెళ్ళాను. ట్రైలర్ మలుపు తీసుకుంది. ఎంత తిరిగిందో చూద్దామని కుడి అద్దంలోకి చూశాను.

అక్కడ కూడా నోరీన్ ఉంది.

నీలం కోటు... నారింజ చేతులు... రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా పెట్టింది. ఆపు. ఆపు. నేను ఎడమ అద్దంలోకి చూశాను. రానీ, రానీ. కుడి అద్దంలో... ఆపు. ఇద్దరి మధ్యా ట్రైలర్ ఉంది. మూడు అంగల్లో ఈ వైపు నుంచి ఆ వైపుకి ఎవరూ రాలేరు. నా పాదం బ్రేకు మీద బిగుసుకుపోయింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియలేదు. ఇద్దరూ ఒకే ఎత్తు. ఇద్దరూ ఒకేలా ఎడమ భుజం వంచి నిలబడ్డారు.

చేతి బ్రేకు లాగి దిగాను. "నోరీన్" అని పిలిచాను. పొగ గొంతులో గుచ్చుకుంది. ఎడమ పక్కగా నడిచాను. ఎవరూ లేరు. వెనక్కి వెళ్ళాను. ట్రైలర్ చక్రానికీ గట్టు అంచుకీ మధ్య జానెడు చోటుంది. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. కుడి పక్కకి వచ్చాను. అక్కడ కూడా ఎవరూ లేరు. రాలిన బూడిదలో నా అడుగులు తప్ప వేరే అడుగులు కనపడలేదు. అప్పుడే సైరన్ మోగింది.

పరుగున వ్యాను దగ్గరికొచ్చాను. నోరీన్ ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. తొడుగులు ఒళ్ళో ఉన్నాయి.

"పద లార్న్. వెనక్కి వద్దు. ముందుకే పోనీ," అంది మెల్లగా.

"నువ్వు ఏ వైపు నిలబడ్డావు?"

"ఎప్పుడూ నిలబడే వైపే. ఆపమని ఎంత ఊపినా వినవే."

ఎప్పుడూ నిలబడేది ఎడమ వైపు. ఎడమ అద్దంలో ఉన్నది నన్ను గట్టు దాటి నీళ్ళలోకి రమ్మంది. పొగలో నేనే తప్పుగా చూశానా? చేతి బ్రేకు తీసి వ్యానుని ముందుకు కదిలించాను. గేటు దగ్గర ఎడ్నా టార్చి ఊపి మమ్మల్ని పంపించింది. కొండ దారి ఒకే ఒక్కటి. ఇటు రాయి, అటు లోయ. ముందు పోయిన వాళ్ళ ఎర్ర దీపాలు కాసేపు కనపడి మాయమయ్యాయి. వెనక ఎవరూ రాలేదు.

రెండు మూడు మైళ్ళు పోయాక నాకు రెండు సంగతులు తెలిసొచ్చాయి. ఒకటి, ట్రైలర్ తోక ఊపడం లేదు. పట్టాల మీద నడిచినట్టు వస్తోంది. రెండోది... పక్క కిటికీ సగం దిగి ఉంది. పొగ లోపలికి వస్తోంది. నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. నోరీన్ ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఇన్‌హేలర్ వాడావా?" అన్నాను.

"ఊఁ," అంది.

ఎప్పుడు వాడిందో నేను చూడలేదు. కిటికీ ఎక్కించమన్నాను. ఎక్కించింది. ఆమె మోకాలి మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే చల్లగా తగులుతుందేమో, వెచ్చగానే తగులుతుందేమో... రెండూ భయంగానే ఉన్నాయి. చెయ్యి స్టీరింగు మీదే ఉంచాను.

పావు తక్కువ ఐదింటికి నా ఫోను మోగింది. విడిది ఆఫీసు నంబరు. తీశాను. ముందు దగ్గు వినపడింది. మూడు పొట్టివి... ఒక పొడుగుది.

"లార్న్... ఎక్కడున్నావు? నన్ను ఇక్కడ వదిలేసి ఎక్కడికి వెళ్ళావు?"

పక్కకి చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

"ఎవరు?" అంది.

"ఎడ్నా. క్షేమంగా వెళ్తున్నామా అని," అన్నాను. ఫోన్లో ఇంకోసారి దగ్గు వచ్చి లైను తెగిపోయింది.

నా మతి నాకు లేదు. నోరీన్ అక్కడ మంటల పక్కన ఊపిరాడక ఉంది. నేను ఎవరినో పక్కన కూర్చోబెట్టుకుని పోతున్నాను. తిరిగి వెళ్ళాలి. కానీ ట్రైలర్ తగిలించుకున్న బండిని ఒకే దారి కొండ రోడ్డు మీద ఊరికే తిప్పలేం. కొంత వెనక్కి పెట్టి, ముందుకు తీసి, మళ్ళీ వెనక్కి పెట్టాలి. పక్కన లోయ ఉంటే వెనక మనిషి లేకుండా అయ్యే పని కాదు. ఒక మలుపులో కాస్త వెడల్పు చోటు కనపడితే ఆపాను.

"ఎందుకు ఆపావు?"

"తిప్పాలి. ఆఫీసులో నా మందులు మర్చిపోయాను." అబద్ధమని నా గొంతే చెబుతోంది.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తొడుగులు ఒక్కొక్కటే వేసుకుంది.

"సరే. నేను దిగి వెనక నిలబడతాను. అద్దంలో నేను కనపడకపోతే ఆపెయ్," అని దిగింది.

ఆ మాట నోరీన్‌ది. ఆ తలుపు వేసే తీరు నోరీన్‌ది. అయినా నా చెవిలో ఆ దగ్గు మోగుతూనే ఉంది. ఎడమ అద్దంలో నారింజ చేతులు లేచాయి. రానీ... రానీ... లోయ ఆ వైపే ఉంది.

నేను గేరు ముందుకి వేశాను.

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత పరిగెత్తింది. నోరీన్ పరిగెత్తలేని మనిషి, పరిగెత్తకూడదు కూడా. పది అడుగులు పరిగెత్తి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. మూడుసార్లు పడ్డాయో ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టలేదు. కిటికీ అద్దాలు ఎక్కించి ఉన్నాయి, శబ్దం రాలేదు. ఆపి ఉండాల్సింది. ఆపలేదు. మలుపు తిరిగాక అద్దంలో పొగ తప్ప ఏమీ లేదు.

ఆరు మైళ్ళు దిగితే కూడలి వస్తుంది. అక్కడ బండి తిప్పుకుని వెంటనే విడిదికి పోవచ్చనుకున్నాను. కూడలిలో పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. పైకి ఎవరినీ పోనివ్వరట. నా భార్య ఉండిపోయిందని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఎక్కడ అని అడిగారు. విడిదిలో అన్నాను. వైర్‌లెస్‌లో మాట్లాడి, నన్ను అదోలా చూశారు. ఎడ్నా నాలుగున్నరకే ఆఫీసు తాళం వేసి అన్ని చోట్లూ తిరిగి చూసి, పడవలో సరస్సు దాటి వచ్చేసిందట. లోపల ఎవరూ లేరు. ఫోను లైన్లు అంతకు ముందే కాలిపోయాయి. మా వ్యాను వెళ్ళేటప్పుడు ముందు సీట్లో ఇద్దరు ఉండడం ఆవిడ కళ్ళారా చూసింది.

"సరిగ్గా చెప్పండి. మీ భార్య ఎక్కడుంది?" అన్నాడు పోలీసు.

అప్పుడు మలుపు సంగతి చెప్పాను. ఎందుకు దించావని అడుగుతూనే మనుషుల్ని పైకి పంపారు, పొగలో దారి కనపడక వాళ్ళు రాత్రికి తిరిగొచ్చేశారు.

నోరీన్ మర్నాడు పొద్దున దొరికింది. అగ్నిమాపక దళం వాళ్ళకి రోడ్డు మీద నడుస్తూ కనపడింది. విడిదికీ ఆ మలుపుకీ సరిగ్గా సగం దూరంలో. ఎటు నుంచి ఎటు నడుస్తోందని నేను అడిగాను. పొగలో వాళ్ళకి తెలియలేదు. బతికే ఉంది. నాకు అంతే చాలనిపించింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నాలుగు రోజులు మాట్లాడలేదు. నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఐదో రోజు కళ్ళు తెరిచి, ఊరగాయ సీసాలు ఏమయ్యాయని అడిగింది. నేను నవ్వాను. నర్సు కూడా నవ్వింది.

అది జరిగి రెండేళ్ళయింది. ఎక్కడి నుంచి నడిచి వచ్చావని నేను ఇప్పటికీ అడగలేదు. విడిది నుంచి అంటే, నా పక్కన కూర్చున్నది ఎవరు? మలుపు నుంచి అంటే, దగ్గుతున్న నా భార్యని అద్దంలో చూస్తూ చూస్తూ నేనే వదిలేశాను. రెండింట్లో ఏదైనా నేను తట్టుకోలేను. ఆమె మాత్రం ఒక్కసారి, అన్నం దగ్గర, ఉప్పు అందిస్తూ అడిగింది.

"ఆ రోజు నన్ను ఎక్కడ వదిలేశావో నీకు తెలుసా లార్న్?"

నేను ఉప్పు అందుకుని కూరలో చల్లుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. మంచి మనిషే. నాకు వండి పెడుతుంది, రాత్రి నా వైపు తిరిగే పడుకుంటుంది. ఉబ్బసం తగ్గిపోయిందని డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఈ వయసులో అలా జరగడం అరుదు అన్నాడు.

ట్రైలర్‌ని వదిలించుకుందామని ఎన్నిసార్లు అన్నా నోరీన్ ఒప్పుకోలేదు. మొన్న బలవంతంగా ఒప్పించి, మారుబేరానికి ఇవ్వడానికి వ్యానుకి తగిలించి ఇంటి ముందు వీధిలో పెట్టాను. గడ్డం గీసుకుని బయల్దేరదామని లోపలికి వచ్చాను. ముఖానికి నురగ రాసుకుంటుంటే ఇంజన్ చప్పుడు వినపడింది.

తువ్వాలుతో బయటికి పరిగెత్తాను. మా ఇంటి గోడకీ పక్కింటి కంచెకీ మధ్య ఉన్న సందులో ట్రైలర్ నిలబడి ఉంది. అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు. నేనైతే నాలుగైదు ప్రయత్నాలు చేసినా పెట్టలేను. నోరీన్ జీవితంలో ఎప్పుడూ ట్రైలర్ వెనక్కి పెట్టలేదు. స్టీరింగు ముందు కూర్చుని కిటికీ దించింది.

"ఎవరు చూపించారు నీకు?" అన్నాను.

ఆమె నా ముఖం మీది నురగని వింతగా చూసింది. తర్వాత ఎడమ అద్దంలోకి చూసింది.

"నువ్వే కదా వెనక నిలబడి రానీ రానీ అన్నావు," అంది. "ఇంకా అక్కడే ఉన్నావు."

నేను అద్దం వైపు చూడలేదు.